ముస్లింలు, యూదుల స్నేహం: తిరుపతిలో తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఉండే కొంతమందిమి నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. ఎక్కువమందిమి ముస్లింలం. హిందువులు, క్రైస్తవులు కూడా ఉన్నారు. ముస్లింలకూ యూదులకూ మధ్య ఉన్న బంధం గురించి చదువుకోవడం, తెలిసినంతలో నలుగురికీ చెప్పడం మా పని. బంధువులు, కాలేజీ పిల్లలు, కువైట్ నుంచి సెలవుకొచ్చినవాళ్లు, నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర ఆపి అడిగే పెద్దలు వేసే ప్రశ్నలు దాదాపు ఇవే. జవాబులు రాసింది ఒక్కరే కాబట్టి సొంత అభిప్రాయాలూ అక్కడక్కడా ఉంటాయి.

తిరుపతిలో యూదులే లేరు కదా, ఇక్కడ ఈ పని దేనికి?

లేరు కాబట్టే. ఎదుట ఉన్న మనిషి గురించి తప్పు మాట్లాడితే ఆ మనిషే సరిదిద్దుతాడు. ఎదుట లేనివాళ్ల మీద ఏమన్నా చెల్లిపోతుంది. జీవితంలో ఒక్క యూదుణ్ణి చూడని మనిషి కూడా పెళ్లి పందిట్లో కూర్చుని యూదుల గురించి గంటసేపు మాట్లాడగలడు. కాదనేవాళ్లు ఉండరు. ముస్లింని ఎప్పుడూ కలవని యూదు కుటుంబం ఎక్కడో తమ ఇంట్లో మన గురించి ఇలాగే మాట్లాడుకుంటూ ఉండొచ్చు. వాళ్ల మాటలు మన చేతుల్లో లేవు, మన మాటలు ఉన్నాయి.

పైగా మన పిల్లలు ఇక్కడే ఉండిపోవడం లేదు. ఐఐటీలోనో ఐసర్‌లోనో ఎస్వీ యూనివర్సిటీలోనో చదివి బోస్టన్‌కో బెర్లిన్‌కో వెళ్లిన అమ్మాయికి ల్యాబ్‌లో పక్క సీటు యూదు అమ్మాయిది కావచ్చు. అక్కడికి చెప్పుడు మాటలు మోసుకుపోకూడదని మా కోరిక.

వేరే మతంవాళ్లతో మెలగడం ఈ నేలకు కొత్త కాదు. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వరుస కట్టి వెళ్తారు, బీబీ నాంచారమ్మ వైపు నుంచి స్వామి తమకు అల్లుడవుతాడని. తిరుమలలో మంగళవారం జరిగే అష్టదళ పాదపద్మారాధనకు వాడే బంగారు పూలు గుంటూరుకు చెందిన ఒక ముస్లిం భక్తుడు సమర్పించినవి. ఆ మర్యాదను ఇంకో జనం దాకా తీసుకెళ్దామన్నదే మా ప్రయత్నం.

తెలుగు మాట్లాడే యూదులు నిజంగా ఉన్నారా?

ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయీమ్ అనే చిన్న సమాజం ఉంది. 1991లో వాళ్లు సొంత ప్రార్థనా మందిరం పెట్టుకున్నారు. మచిలీపట్నంలోనూ కొన్ని కుటుంబాలున్నాయి. వీళ్లు మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు, అంతకుముందు క్రైస్తవులుగా ఉన్నవాళ్లు. ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీము సంతతి తామేనని వాళ్ల నమ్మకం. శనివారం విశ్రాంతి పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు, ఇంట్లో మాట్లాడుకునేది మాత్రం మనలాగే తెలుగు.

"మీరు అసలైన యూదులేనా?" అని ఆరా తీయడానికి అక్కడికి వెళ్లడం నాకు నచ్చదు. తరతరాలుగా గడప గడప దగ్గరా కులం చెప్పుకోవాల్సి వచ్చిన మనుషులను మళ్లీ పుట్టుకకు రుజువు అడగడం మన పని కాదు. వెళ్లాలనుకుంటే ముందే అడిగి, ఫొటోల కోసం కాకుండా, చుట్టాలింటికి వెళ్లినట్టు వెళ్లండి.

చెన్నై ఇంకా దగ్గర. 17వ శతాబ్దంలో లండన్ నుంచి యూదు వర్తకులు మద్రాసు వచ్చారు, పగడాలు అమ్మి గోల్కొండ వజ్రాలు కొనడానికి. కృష్ణ ఒడ్డున ఆ వజ్రాలు తవ్వింది మన కూలీలు. గనులు కుతుబ్‌షాహీ సుల్తానులవి. కొనేవాళ్లలో ఈ యూదులు. 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడితే దాని ఆల్డర్మన్లలో (నగర పాలక సభ్యుల్లో) యూదు వర్తకులకూ చోటిచ్చారు. జార్జిటౌన్‌లో కోరల్ మర్చంట్ స్ట్రీట్ పేరు ఇప్పటికీ ఉంది. తిరుపతి నుంచి బస్సెక్కితే మూడు నాలుగు గంటల్లో ఆ వీధిలో నడవొచ్చు.

మన దేశంలో ముస్లింలు, యూదులు కలిసి బతికిన చోట్లు ఏవి?

మొదట కోల్‌కతా పేరే చెప్తాను. అక్కడ 1856లో కట్టిన బెత్ ఎల్, 1884లో కట్టిన మాఘెన్ డేవిడ్ అనే పెద్ద సినగాగులు, అంటే యూదుల ప్రార్థనా మందిరాలు, ఉన్నాయి. యూదులు చాలావరకు విదేశాలకు వెళ్లిపోయారు, మిగిలింది కొద్దిమందే. ఆ మందిరాలను ఊడ్చి, తుడిచి, దీపాలు చూసుకుంటూ కాపాడుతున్నది తరాలుగా ముస్లిం కుటుంబాలవాళ్లు. తమ నమాజు తాము చేసుకుంటారు, తర్వాత వచ్చి యూదుల మందిరం తలుపులు తీస్తారు. అదే ఊళ్లో 1881లో మొదలైన యూదు బాలికల పాఠశాల ఉంది. ఇప్పుడు అక్కడ చదువుకునేవాళ్లలో ఎక్కువమంది ముస్లిం అమ్మాయిలే. ఎవరూ వేదికల మీద మాట్లాడకుండానే ఇదంతా ఏళ్ల తరబడి సాగుతోంది.

కేరళలో మట్టాంచేరి. 1568లో కట్టిన పరదేశి సినగాగు వీధిలో ఒక యూదు పెద్దావిడ కుట్టుపని దుకాణం నడిపేది. పిల్లలు లేరు. చివరి ఏళ్లలో ఆమెను కన్నతల్లిలా చూసుకున్నది ఒక ముస్లిం. 2019లో ఆమె 96 ఏళ్ల వయసులో కన్నుమూశాక ఆ దుకాణాన్ని ఆయనే నిలబెట్టాడు.

ముంబైది వేరే కథ. కొంకణ తీరంలో శతాబ్దాలుగా ఉన్న బెనే ఇజ్రాయెలీలు గానుగ ఆడించి నూనె తీసేవాళ్లు. శనివారం గానుగ ఆపేస్తారు కాబట్టి ఊరివాళ్లు వాళ్లను శనివారపు తేలీలు (గానుగవాళ్లు) అన్నారు. 2008 నవంబరు దాడుల్లో ఉగ్రవాదులు నారిమన్ హౌస్‌లో యూదు మతగురువునూ ఆయన భార్యనూ చంపారు. చనిపోయిన తొమ్మిది మంది ఉగ్రవాదుల శవాలకు తమ ఖబరస్తాన్‌లో చోటివ్వబోమని ముంబై ముస్లింలు తెగేసి చెప్పారు. ముస్లిం శవానికి మట్టి ఇవ్వడం సమాజం మొత్తం మీద ఉన్న బాధ్యత అని తెలిసినవాళ్లకే ఆ నిర్ణయం బరువు అర్థమవుతుంది.

మత గ్రంథాల్లోనే శత్రుత్వం ఉందంటారు, నిజమా?

మదీనాలో ముస్లింలకూ కొన్ని యూదు తెగలకూ యుద్ధాలు జరిగాయి. దాచాల్సిన పని లేదు. ఆ సందర్భంలో వచ్చిన కఠినమైన ఆయతులూ (ఖురాను వాక్యాలూ) ఉన్నాయి. కానీ ఆ కథ మొదలైంది ఒడంబడికతో. ప్రవక్త మదీనా వచ్చాక రాయించిన ఒప్పందంలో యూదులకు వాళ్ల మతం, ముస్లింలకు వాళ్ల మతం అని, ఊరిని కలిసి కాపాడుకోవాలని ఉంది. ఒక యూదుడి శవయాత్ర పోతుంటే ప్రవక్త లేచి నిలబడ్డారని, "అది యూదుడిది కదా" అని ఎవరో అంటే "ఆయనదీ ప్రాణం కాదా?" అని అడిగారని, ప్రవక్త మాటలనూ నడతనూ సేకరించిన బుఖారీ హదీసుల్లో ఉంది. పిల్లలకు మొదట ఏది చెప్తామన్నదే తేడా. నేనైతే ఆ శవయాత్ర గురించే మొదట చెప్తాను.

యూదుల వైపు నుంచి మైమోనిడీస్ అనే గొప్ప మత పండితుడి సంగతి తెలుసుకోవాలి. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టాడు. అల్మొహాద్ పాలకుల వేధింపుల వల్ల ఆయన కుటుంబం ఊరు విడిచింది. ఆ పాలకులు ముస్లింలే. ఆయన్ను ఆదరించి, సుల్తాను సలాదీన్ ఆస్థానంలో వైద్యుణ్ణి చేసిన కైరో పాలకులూ ముస్లింలే. 1204లో చనిపోయేదాకా ఈజిప్టులోనే ఉన్నాడు. తత్వశాస్త్రం, వైద్యం అరబీలో రాశాడు. అన్ని కష్టాలు చూసిన ఆ మనిషే ముస్లింలు విగ్రహారాధకులు కారని, వాళ్లు కొలిచేది ఒక్క దేవుణ్ణేనని తన జనానికి తీర్పు రాసి ఇచ్చాడు.

యూదుల ధర్మగ్రంథం తౌరాతులో ఒక చిన్న వాక్యం ఉంది: ఇబ్రాహీం (అబ్రాహాము) చనిపోతే ఇస్‌హాక్, ఇస్మాయీల్ ఇద్దరూ కలిసి తండ్రిని సమాధి చేశారు.

ఆచారాల్లో పోలికలేమైనా ఉన్నాయా?

చాలా ఉన్నాయి. పంది మాంసం తినకపోవడం, మగపిల్లలకు సున్తీ, ప్రార్థనకు ముందు చేతులు కడుక్కోవడం అందరికీ తెలిసినవే. మొదట్లో ముస్లింలు కూడా జెరూసలేం వైపు తిరిగే నమాజు చేసేవాళ్లు. మదీనా వచ్చిన దాదాపు ఏడాదిన్నరకు ఖిబ్లా మక్కా వైపు మారింది.

పీర్ల పండుగ చూసి పెరిగినవాళ్లకు ఒక మాట. మన ఊళ్లలో మొహర్రం పదో రోజంటే కర్బలా, ఇమాం హుసేన్, నిప్పుల గుండం. అదే రోజు ఎంతోమంది సున్నీలు రోజా (ఉపవాసం) ఉంటారు. ఈజిప్టు రాజు ఫిరౌను బారి నుంచి మూసా (మోషే) ప్రవక్తనూ ఆయన జనాన్నీ అల్లా కాపాడిన రోజని మదీనా యూదులు ఉపవాసం ఉంటే, "మూసా మీద మీకంటే మాకే ఎక్కువ హక్కుంది" అని ప్రవక్త తానూ ఉపవాసం ఉన్నారు. ఇన్నేళ్లుగా మా ఇళ్లలో ఉంటున్న ఆ రోజా యూదుల విడుదలను తలుచుకునే రోజా.

పంచాంగం సంగతి మన హిందూ మిత్రులకు వెంటనే అర్థమవుతుంది. యూదుల నెలలు చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి, కానీ 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెల ఎక్కువ చేర్చుకుంటారు, అచ్చం మన అధికమాసమే. అందుకే వాళ్ల పండుగలు ఋతువు దాటిపోవు. ఇస్లామీ పంచాంగంలో అది లేదు కాబట్టి రంజాను ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుంది.

అన్నిటికంటే నన్ను కదిలించిన పోలిక చావు దగ్గర ఉంది. రెండు చోట్లా శవాన్ని కడిగేది డబ్బులకొచ్చిన మనుషులు కాదు, సొంత సమాజంవాళ్లు. కట్టేది సాదా తెల్లబట్ట, ధనవంతుడికైనా పేదవాడికైనా అదే. వీలైనంత త్వరగా మట్టిచేస్తారు. యూదుల్లో ఈ పనికి ప్రత్యేకంగా బృందాలుంటాయి. చనిపోయినవాళ్లు తిరిగి ఏమీ ఇవ్వలేరు కాబట్టి ఇదే అసలైన దయ అని వాళ్లు నమ్ముతారు. మయ్యిత్‌కు గుసుల్ (శవానికి స్నానం) చేయించిన అనుభవం ఉన్న మన పెద్దవాళ్లకు ఇది చెప్పినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

యూదు స్నేహితులను భోజనానికి పిలిస్తే ఏం పెట్టాలి?

ముందు అడగండి. అందరూ ఒకేలా పాటించరు. నిష్ఠగా ఉండేవాళ్లకు హలాల్ మాంసం సరిపోదు. కోయడానికి వాళ్ల శిక్షణ పొందిన మనిషి కావాలి, తర్వాత ఉప్పు పట్టించి రక్తం తీసేయాలి. మాంసం, పాలు కలవకూడదు కాబట్టి పెరుగులో నానబెట్టిన మన దమ్ బిర్యానీ, మాంసం వాళ్లదే అయినా పనికిరాదు. రొయ్యలు, పీతలు తినరు. పొలుసులు, రెక్కలు ఉన్న చేపలే తింటారు.

తిరుపతిలో ఇది పెద్ద చిక్కేం కాదు. శాకాహారం మన ఊరి బలం. కొత్త గిన్నెలో వండిన పప్పన్నం, పులిహోర, అరిటాకు, కొబ్బరినీళ్లు, పళ్లు. ఆకుకూరలు పురుగు లేకుండా జాగ్రత్తగా ఏరండి, అది వాళ్లకు మతపరమైన నియమం. మరీ నిష్ఠాపరులు అప్పటికీ పండు మాత్రమే తీసుకుంటే నొచ్చుకోకండి.

అటువైపు నుంచి ముస్లింలకు ఒక జాగ్రత్త: యూదుల ఇంట్లో శుక్రవారం రాత్రి భోజనం ద్రాక్షసారా మీద దీవెనతో మొదలవుతుంది. ద్రాక్షరసం ఇవ్వమని అడిగితే ఏమీ అనుకోరు, చాలా ఇళ్లలో పిల్లల కోసం అదీ ఉంచుతారు.

వాళ్లు తిరుపతి చూడటానికి వస్తే?

శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా ప్రయాణాలు పెట్టకండి, ఫోన్ చేయకండి. గడపల మీద, వాహనాల మీద స్వస్తిక్ కనిపిస్తుందని ముందే చెప్పండి. నాజీల చేతిలో కుటుంబాలను పోగొట్టుకున్నవాళ్ల మనవలకు అది హఠాత్తుగా కనబడితే గుండె ఝల్లుమంటుంది. తెలుగు బైబిల్ చదివిన మన క్రైస్తవ మిత్రులు యెహోవా అని సహజంగా అంటారు. యూదులు ఆ పేరు పలకరు, వాళ్ల ముందు దేవుడు అంటే చాలు.

కొండకు రమ్మని బలవంతం వద్దు. అన్యమతస్థులు దర్శనానికి ముందు స్వామి మీద నమ్మకం ఉందనే డిక్లరేషన్ మీద సంతకం చేయాలి. యూదు ధర్మంలో విగ్రహానికి నివేదించింది తినకూడదు కాబట్టి లడ్డూ కూడా తీసుకోకపోవచ్చు. ఇదే ఇబ్బంది ఉన్న ముస్లింలు మన పక్కింట్లోనే ఉంటారు. ప్రేమతో ఇచ్చింది వద్దన్నా ఆ ప్రేమను వద్దన్నట్టు కాదని ఇరుగుపొరుగు ఎప్పుడో అర్థం చేసుకున్నారు.

గాజా గురించి నోరు మూసుకుని స్నేహం చేయమంటారా?

లేదు. మాలో ఎవరమూ నోరు మూసుకోలేదు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, దాదాపు 250 మందిని బందీలుగా పట్టుకెళ్లారు. ఆ తర్వాత గాజాలో పదుల వేలమంది ప్రాణాలు పోయాయి, వాళ్లలో పిల్లలు ఎందరో. ఆ పిల్లల కోసం మా ఇళ్లలో ఏడ్చాం, దువా చేశాం, ఇప్పటికీ చేస్తున్నాం. ఆ ఏడుపు తగ్గించుకోమని అడిగే స్నేహం మాకొద్దు.

మేం అడిగేది ఇంతే. ఇజ్రాయెల్ ప్రభుత్వం చేసినదానికి బోస్టన్‌లో ఉన్న యూదు విద్యార్థిని నిలదీయకండి, ఆ ప్రభుత్వాన్ని వీధుల్లోకొచ్చి ఎదిరిస్తున్న యూదులు వేలల్లో ఉన్నారు. ఎక్కడ బాంబు పేలినా "దీన్ని ఖండిస్తావా?" అని మన పిల్లలను అడిగితే ఎంత అవమానంగా ఉంటుందో మనకు తెలుసు. అదే ప్రశ్న ఇంకొకరిని ఎలా అడుగుతాం?

ఈ బాధలో మనకంటే లోతుగా ఉన్నవాళ్లు ఒక దారి చూపించారు. ఇజ్రాయెలీ, పాలస్తీనీ కుటుంబాల్లో ఈ పోరులో బిడ్డనో తోబుట్టువునో పోగొట్టుకున్నవాళ్లు కలిసి నడిపే పేరెంట్స్ సర్కిల్ 1995 నుంచి ఉంది. ఇప్పుడు 600కు పైగా కుటుంబాలు అందులో ఉన్నాయి. బిడ్డను మట్టిలో పెట్టిన తల్లి అవతలి తల్లి పక్కన కూర్చోగలిగినప్పుడు, టీవీ ముందు కూర్చున్న మనం కూర్చోలేమా?

అంటే ఇది ఇజ్రాయెల్‌ను సమర్థించే బృందమా?

కాదు.

వాట్సాప్‌లో వచ్చేవాటికి ఏం చెప్పాలి?

రెండు రకాలు వస్తాయి. ఒకటి, యూదులు చాటుగా ప్రపంచాన్ని నడుపుతున్నారని. దీనికి మూలం 1903లో రష్యాలో అచ్చయిన "సియోను పెద్దల ప్రోటోకాల్స్" అనే దొంగ పత్రం. వేరే పుస్తకం నుంచి ఎత్తి రాసిందని 1921లోనే లండన్ టైమ్స్ పత్రిక పక్కపక్కన పెట్టి చూపించింది. అయినా హిట్లర్ వాడుకున్నాడు, ఇప్పుడు మన కుటుంబ గ్రూపుల్లో తెలుగులో తిరుగుతోంది. నిప్పు లేనిదే పొగ రాదు కదా అనేవాళ్లకు ఇక్కడ పొగ పెట్టిన చేతులు ఎవరివో చూపించొచ్చు.

రెండోది ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇజ్రాయెల్‌ను ఆకాశానికెత్తుతూ వచ్చే సందేశాలు చాలావాటిలో యూదుల మీద ప్రేమ కనబడదు, ముస్లింల మీద కోపమే కనబడుతుంది. యూదుల పండుగ ఒక్కటీ పేరు తెలియనివాళ్లు వాళ్లను కర్రలా ఎత్తి మనల్ని కొట్టాలని చూస్తారు. దానికి బదులుగా యూదులను తిట్టే ముస్లిం కుర్రాడు ఆ ఉచ్చులోనే పడుతున్నాడు. నేను ఇలాంటి సందేశం పంపినవాళ్లకు గ్రూపులో జవాబివ్వను, విడిగా ఫోన్ చేస్తాను.

మతం మార్చే ఉద్దేశం ఉందా?

లేదు. యూదులు మతంలోకి రమ్మని పిలవరు, ఎవరైనా వస్తామన్నా తేలిగ్గా ఒప్పుకోరు.

చరిత్రలో ఒకరి కోసం ఒకరు నిజంగా నిలబడ్డారా?

1492లో స్పెయిన్ యూదులను వెళ్లగొడితే ఒట్టోమన్ సుల్తాను రెండో బయజీద్ తన రాజ్యంలోకి రానిచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు అల్బేనియాను ఆక్రమించాక, ముస్లింలు ఎక్కువగా ఉన్న ఆ దేశంలో జనం పారిపోయి వచ్చిన యూదులను అతిథులుగా ఇళ్లలో దాచారు. యుద్ధం అయ్యేసరికి అక్కడ యూదుల సంఖ్య తగ్గలేదు, పెరిగింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బోస్నియాలోని సారయేవో కథ. అక్కడి మ్యూజియంలో యూదుల పస్కా పండుగ పుస్తకం ఉంది, 14వ శతాబ్దపు స్పెయిన్‌లో చేతితో రాసి బంగారు రంగులు అద్దింది. 1942లో నాజీ అధికారి దానికోసం వస్తే, దెర్వీష్ కోర్కుత్ అనే ముస్లిం లైబ్రేరియన్ దాన్ని బయటికి తరలించి దాచేశాడు. ఆ రోజుల్లోనే ఒక యూదు అమ్మాయిని తన ఇంట్లో పెట్టుకుని కాపాడాడు. ఆ అమ్మాయి పెద్దయ్యాక ఇచ్చిన సాక్ష్యంతో 1994లో జెరూసలేంలోని యాద్ వాషెమ్ (నాజీలు చంపిన యూదుల స్మారక సంస్థ) కోర్కుత్ దంపతులను సత్కరించింది. అక్కడితో అయిపోలేదు. 1999 కొసోవో యుద్ధంలో కోర్కుత్ కూతురు కట్టుబట్టలతో పారిపోయి వచ్చింది. తండ్రికి వచ్చిన ఆ గుర్తింపు పత్రం చూపిస్తే యూదులు ఆమెకు ఆశ్రయమిచ్చారు.

మా అబ్బాయి అమెరికా వెళ్తున్నాడు, అక్కడ ఏం చేయాలి?

పరిచయాలకు భయపడకూడదు. 2017 జనవరిలో టెక్సస్‌లోని విక్టోరియా ఊళ్లో మసీదు తగలబడితే, అక్కడి యూదులు తమ సినగాగు తాళాలు తెచ్చి ముస్లింల చేతిలో పెట్టారు. 2018లో పిట్స్‌బర్గ్ సినగాగులో 11 మందిని కాల్చి చంపితే ముస్లింలు చందాలు పోగుచేసి ఇచ్చారు. మరుసటి ఏడాది న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మంది చనిపోయినప్పుడు అదే పిట్స్‌బర్గ్ యూదులు చందాలు ఎత్తారు.

ఆడపిల్లలైతే 2010లో న్యూజెర్సీలో ఒక ముస్లిం, ఒక యూదు మహిళ కలిసి మొదలుపెట్టిన సిస్టర్‌హుడ్ ఆఫ్ సలాం షాలోం గురించి తెలుసుకోవాలి. ఇళ్లలోనే కలవాలని, రెండు వైపులా సమాన సంఖ్యలో ఉండాలని అనుకున్నారు. ఎవరూ గుంపులో ఒంటరి కాకుండా పెట్టుకున్న ఈ నియమం మాకు చాలా నచ్చింది.

పలమనేరులోనో పుంగనూరులోనో మేమూ మొదలుపెట్టాలంటే?

ఐదారుగురు చాలు. హాలు, మైకు, ముఖ్య అతిథి వద్దు. ఒక్కోసారి ఒక్కటే విషయం తీసుకోండి, మొదటిసారికి భోజనం గురించి పెట్టుకుంటే అందరూ మాట్లాడతారు. గాజా మొదటి సమావేశంలో వద్దు, ఒకరి గొంతు ఒకరికి అలవాటయ్యాక తప్పకుండా మాట్లాడండి. ఆ గదిలో ఒక యూదు కూర్చుని ఉంటే అనలేని మాట, లేనప్పుడూ అనకూడదని ముందే ఒప్పుకోండి. శాకాహారమే వండండి. శుక్రవారం మధ్యాహ్నం జుమా, ఆ సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా యూదుల విశ్రాంతి, ఆదివారం ఉదయం చర్చి. అందుకే మేం ఆదివారం అసర్ (సాయంత్రం ముందు) నమాజు తర్వాత పెట్టుకుంటాం. మొదటిసారికి చదవడానికి ఏం తీసుకోవాలో తెలియకపోతే మమ్మల్ని అడగండి, మా దగ్గరున్న ప్రతులు ఇస్తాం.